‘కేసవుద్ది, ఆస్పత్రొద్దు’: వినకూడని తొమ్మిది సలహాలు

మత్తు మోతాదు మించి మనిషి పడిపోతే చుట్టూ చేరినవాళ్లు ముందు అడగాల్సింది “ఏం మింగాడు? ఎన్ని మింగాడు?” అని. మన ఇచ్ఛాపురంలో ముందు వినపడేది “పోలీసోళ్లొస్తే ఏటి సెప్తాం?” అన్న మాట. ఈ భయం ఊరికే పుట్టలేదు. మనది ఆంధ్రా కొసన ఉన్న పట్నం, పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటితే ఒడిశా. గజపతి, గంజాం జిల్లాల కొండల నుంచి దిగే గంజాయి 16వ నంబరు జాతీయ రహదారి మీదనో, మన రైల్వేస్టేషన్‌ మీదనో పోతూ పట్టుబడిందన్న వార్త మనకు అలవాటైపోయింది. 20 కిలోలకు పై మాట అయితే పదేళ్లకు తగ్గని జైలు, ఇరవై ఏళ్ల దాకా పడొచ్చు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని, అంటే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని, మన పిల్లలూ పెద్దలూ చూసింది ఈ ముఖంతోనే. చికిత్సకు వచ్చినవాడిని కాసే సెక్షను కూడా అదే చట్టంలో ఉందని మనకు చెప్పినవాళ్లు తక్కువ.

ఒక నిజం మొదటే చెప్పాలి. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం 2007లో ఒక చట్టం చేసింది. మత్తు మోతాదు మించిందని ఎమర్జెన్సీకి ఫోన్ చేసినవాడి మీద, పడిపోయినవాడి మీద, దగ్గర కొద్దిగా మత్తుమందు దొరికినంత మాత్రాన కేసు పెట్టకూడదన్నది దాని సారం. తర్వాత అక్కడి రాష్ట్రాలు దాదాపు అన్నీ ఆ దారి పట్టాయి. కెనడా 2017లో దేశమంతటికీ అలాంటి చట్టం చేసుకుంది. మన దేశంలో అలాంటి చట్టం లేదు. కానీ రక్షణ అసలే లేదనడం తప్పు. నాలుగైదు చట్టాల్లో, సుప్రీంకోర్టు తీర్పుల్లో అది ముక్కలు ముక్కలుగా ఉంది. ఆ ముక్కలు తెలియక, ఆపద వేళ ఊరంతా వల్లించే సలహాలు విని మనం మనుషుల్ని పోగొట్టుకుంటున్నాం. ఆ సలహాలు ఒక్కొక్కటీ ఎందుకు తప్పో, బదులుగా ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1. “కాసేపు తొంగోనివ్వండి, పొద్దున్నకి దిగిపోద్ది”

ప్రాణాలు తీసే సలహాల్లో మొదటిది ఇది. ట్రమడాల్, మార్ఫిన్, హెరాయిన్ జాతి మందులు మెదడులో ఊపిరిని నడిపే చోటును నిద్రపుచ్చుతాయి. నిద్రమాత్రల మీద సారా పడినా అంతే. బయటికి గాఢనిద్రలా కనిపిస్తుంది. గొంతులో గరగర, ఎప్పుడూ లేని పెద్ద గురక, నిమిషానికి నాలుగైదుసార్లే వచ్చే ఊపిరి, నీలి రంగుకు తిరిగిన పెదాలు, గుండుసూది మొనంత అయిపోయిన కంటిపాప కనిపిస్తే అది నిద్ర కాదు, ఊపిరి ఆగిపోబోతోందని అర్థం.

పేరు పెట్టి గట్టిగా పిలవండి, భుజం తట్టండి. పలక్కపోతే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి వచ్చినా గొంతులో అడ్డుపడదు. ఊపిరి లేకపోతే 108లో మాట్లాడే మనిషి చెప్పినట్టు గుండె మీద నొక్కడం మొదలుపెట్టండి. మనిషిని ఒంటరిగా వదలకండి.

దీనికి తిరగబడిన సంగతి ఇంకొకటుంది. జ్వరం మాత్రలు, అంటే పారాసెటమాల్, గుప్పెడు మింగిన పిల్ల మొదటిరోజు మామూలుగా తిరుగుతుంది, అన్నం కూడా తింటుంది. కాలేయం దెబ్బతిన్న సంగతి రెండోరోజో మూడోరోజో బయటపడుతుంది. దానికి విరుగుడు మందు ఉంది, మొదటి ఎనిమిది గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది. “బాగానే ఉంది కదా” అని ఇంట్లో ఉంచేసుకున్న గంటలన్నీ ఆ విరుగుడు చేతిలోంచి జారిపోయే గంటలే.

2. “మజ్జిగ పట్టండి, ఉప్పునీళ్లు తాగించి కక్కించండి”

స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఉప్పునీళ్లు ఎక్కువైతే ఒంట్లో సోడియం పెరిగి దాంతోనే ప్రాణం పోవచ్చు. నిమ్మరసం, కాఫీ, నెత్తి మీద చన్నీళ్లు ఇవేవీ మత్తుకు విరుగుడు కావు. ఆసిడ్ లాంటివి మింగినవాడిని కక్కిస్తే వెళ్లేటప్పుడు కాల్చిన గొంతును వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తాయి, కిరసనాయిలైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పురుగుమందు ఒంటి మీద పడితే తడిసిన బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్లు కడగాలి, కడిగేవాళ్లు తమ చేతులకు అంటకుండా చూసుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, నంబరు 1800 116 117. ఏ మందు మింగితే ఏం చేయాలో అడగొచ్చు. అయితే ఆ ఫోను ఆస్పత్రికి బయల్దేరాకే.

3. “ఆరెంపీ బాబుని పిలిసి ఒక సెలైను పెట్టిద్దాం”

ఊళ్లో ఆరెంపీ డాక్టరు అర్ధరాత్రి తలుపు తడితే వచ్చే మనిషి, మనకు ఆయన మీద గౌరవం ఉంది. కానీ సెలైను సీసా ఆగిపోతున్న ఊపిరిని నిలపలేదు. నల్లమందు జాతి మత్తుకు నాలోక్సోన్ అనే విరుగుడు సూది ఉంది. అది వేశాక కూడా మనిషిని గంటల తరబడి కనిపెట్టుకుని ఉండాలి, ఎందుకంటే సూది ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో తగ్గిపోయి లోపలి మత్తు మళ్లీ పైకి రావచ్చు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుకు అట్రోపిన్ కావాలి, కొందరికి వెంటిలేటరూ కావాలి. ఇవి ఆస్పత్రి పనులు. ఆరెంపీ బాబు చేయగల అతిపెద్ద సాయం తన బండి తీయడం.

ఉద్దానం ఇళ్లకు ఇంకో మాట. మోతాదు మించడం అంటే కుర్రాళ్ల వ్యసనమనే అనుకుంటున్నాం. మన కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఎందరో ఉన్నారు. కిడ్నీ బయటికి పంపలేని మందు ఒంట్లోనే పేరుకుంటుంది. ట్రమడాల్, నరాల నొప్పికిచ్చే గాబాపెంటిన్, కొన్ని షుగరు మాత్రలు మామూలు మనిషికి సరిపడే మోతాదులోనే వాళ్లకు విషమవుతాయి. డయాలసిస్ పేషెంటు మాత్ర వేసుకుని మత్తుగా, తికమకగా మాట్లాడుతుంటే “నీరసం” అని సర్దుకోకండి. అది కూడా మోతాదు మించడమే, దానికీ 108 పిలవాల్సిందే.

4. “ఆస్పత్రికెళ్తే ఎమ్మెల్సీ రాస్తారు, మన మీద కేసవుద్ది”

ఎమ్మెల్సీ అంటే మెడికో లీగల్ కేసు. విషం, మోతాదు మించిన మందు, కాలిన గాయం, రోడ్డు ప్రమాదం వస్తే ఆస్పత్రి ఒక రిజిస్టరులో నమోదు చేసి పోలీసు స్టేషనుకు కబురు పంపుతుంది. అది సమాచారం. అందులో పేరు ఎక్కినంత మాత్రాన ఎవరూ ముద్దాయి కారు, తీసుకొచ్చినవాళ్లు అసలే కారు. కానిస్టేబులు వచ్చి ఏం జరిగిందని అడుగుతాడు, జరిగింది చెప్తారు. చాలా కేసులు అక్కడితో అయిపోతాయి.

ఆ పక్కన రెండో దారి పెట్టి చూడండి. ఆస్పత్రికి తీసుకెళ్లకుండా మనిషి ఇంట్లోనే పోతే అనుమానాస్పద మృతి కింద పోలీసులు రాక తప్పదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను కింద శవ పంచనామా, పోస్టుమార్టం, ఇంట్లో ఒక్కొక్కరి వాంగ్మూలం ఉంటాయి. పోలీసుల్ని తప్పించుకుందామని దాచినవాళ్లకు అదే పోలీసు శవం పక్కన ఎదురవుతాడు. అప్పుడు అడిగే మొదటి ప్రశ్న “ఎందుకు తీసుకెళ్లలేదు?” అనే.

“ఎమ్మెల్సీ మేం తీసుకోం, పెద్దాస్పత్రికి పొండి” అని ప్రైవేటు ఆస్పత్రివాళ్లు అంటే చెప్పాల్సిన పేరు పరమానంద్ కటారా. ఒక స్కూటరిస్టును కారు గుద్దితే దగ్గరి ఆస్పత్రి చేర్చుకోలేదు, మెడికో లీగల్ కేసులు చూసే ఆస్పత్రి ఇరవై కిలోమీటర్ల అవతల ఉందని పంపింది. అతను దారిలోనే పోయాడు. ఆ వార్త పట్టుకుని కటారా అనే వకీలు సుప్రీంకోర్టుకెక్కారు. 1989లో కోర్టు తేల్చి చెప్పింది: ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ప్రాణం నిలపడం మొదటి పని, పోలీసు లాంఛనాలు దాని తర్వాతే. ప్రభుత్వ ఆస్పత్రి ఎమర్జెన్సీ వైద్యం ఇవ్వకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో కూడా చెప్పింది. రైల్లోంచి పడ్డ ఒక కూలి మనిషిని ఆస్పత్రి తర్వాత ఆస్పత్రి తిప్పి పంపిన కేసు అది.

5. “సావబోయాడంటే జైలే. పొరపాట్న తాగీసాడని సెప్పు”

ఈ సలహా పాత చట్టం నాటిది. ఆత్మహత్యాయత్నానికి ఏడాది దాకా జైలు వేయొచ్చని భారత శిక్షాస్మృతి 309వ సెక్షను చెప్పేది. అది రాజ్యాంగానికి విరుద్ధం కాదని ఒకప్పుడు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే తీర్పిచ్చింది కూడా. ఆ రోజులు పోయాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత 309ని మోసుకురాలేదు. ప్రభుత్వోద్యోగిని బెదిరించి పని ఆపించడానికి అలా చేస్తేనే 226వ సెక్షను కింద నేరం.

కాబట్టి డాక్టరు దగ్గర “పొరపాటున” అనే అబద్ధం అక్కర్లేదు. ఆ అబద్ధం వల్ల నష్టమే ఉంది. చావాలనుకుని మింగినవాడికి ఒంటికి చేసే వైద్యంతో పాటు మనసుకు చేసే వైద్యం కూడా కావాలి, డాక్టరుకి నిజం తెలిస్తేనే అది మొదలవుతుంది. టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

6. “డాక్టరుకి సెప్పకు. స్ట్రిప్పులు బాహుదాలో పారీ”

డాక్టరుకి దొరికే మొదటి ఆధారం ఆ ఖాళీ స్ట్రిప్పే. ఏ మందో తెలిస్తే విరుగుడు తెలుస్తుంది. ఎన్ని మాత్రలో తెలిస్తే మోతాదు, ఎన్ని గంటలైందో తెలిస్తే ఆ విరుగుడు ఇంకా పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. “ఏదో తిన్నాడు, కడుపునొప్పి” అంటే డాక్టరు చీకట్లో తడుముకోవాల్సి వస్తుంది. సీసా, స్ట్రిప్పు, సిరంజి ఏది దొరికితే అది కవర్లో వేసి పట్టుకెళ్లండి. సారా కూడా తాగితే ఆ మాట కలిపి చెప్పండి.

చెప్పింది కేసుషీటులో రాస్తారు, కోర్టు అడిగితే ఆ కాగితం వెళ్లొచ్చు కూడా. అది దాచను. గంజాయో, ట్రమడాలో సొంతానికి వాడినందుకు ఎన్‌డీపీఎస్ 27వ సెక్షనులో శిక్ష గరిష్ఠంగా ఆరు నెలలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. హెరాయిన్, కొకైన్, మార్ఫిన్ అయితే ఏడాది, 20,000. అదీ నేరం రుజువైతేనే. ఆ శిక్షకు కూడా చట్టమే ఒక తలుపు తీసి పెట్టింది, దాని సంగతి తొమ్మిదో సలహా దగ్గర చెప్తాను. అబద్ధం వల్ల పోయే ప్రాణానికి అలాంటి తలుపు లేదు.

7. “గేటు కాడ ఒగ్గీసి వొచ్చీ, పేరు సెప్పకు”

తీసుకెళ్లిన స్నేహితుడికి ఇచ్చే సలహా ఇది. నిజానికి ఏం మింగాడో, ఎప్పుడు పడిపోయాడో, ఇంతకుముందు ఏ జబ్బుందో తెలిసిన మనిషి అతనొక్కడే. అతను పారిపోతే వైద్యానికి కావలసిన సగం సంగతులు అతనితో పోతాయి.

చట్టం ఏమంటుందో చూద్దాం. రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాడికి సుప్రీంకోర్టు 2016లో రక్షణలిచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది. పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని అతన్ని బలవంతపెట్టకూడదు. ఇది రోడ్డు ప్రమాదాలకే, మత్తు కేసులకు వర్తించదు. అయితే న్యాయ సంహిత 30వ సెక్షను అన్ని ఆపదలకూ వర్తిస్తుంది. ఒప్పుకునే స్థితిలో లేని మనిషి మేలు కోరి, మంచి మనసుతో చేసిన పనిలో అనుకోని హాని జరిగినా అది నేరం కాదు. స్పృహ లేనివాడిని బండి మీద ఎక్కించి తెచ్చినవాడు ఈ నీడలోనే ఉంటాడు.

అతను కూడా మత్తు తీసుకుని ఉంటే? ఇక్కడే మన చట్టంలో బొక్క ఉంది. తీసుకొచ్చాడన్న ఒక్క కారణంతో అతనికి ఎన్‌డీపీఎస్ 27వ సెక్షను నుంచి పూర్తి మినహాయింపు లేదు. అయినా ఉండిపోవడమే మేలు. సూదో, స్ట్రిప్పో దాచి, మనిషిని చీకట్లో పడేసి పోతే సాక్ష్యం మాయం చేశాడన్న న్యాయ సంహిత 238వ సెక్షను కూడా మెడకు చుట్టుకోవచ్చు. నిలబడి నిజం చెప్పినవాడి తరఫున కోర్టులో వాదించడానికి వకీలుకి ఒక మంచి పని చేతిలో ఉంటుంది. అదుపులోకి తీసుకున్నవాళ్లెవరికైనా ఉచిత న్యాయ సహాయం హక్కు. నంబరు 15100, మన జిల్లాకు శ్రీకాకుళంలో న్యాయసేవాధికార సంస్థ ఉంది.

8. “మనూరొద్దు, పరువు పోద్ది. తెలీనోసోట సూపిద్దాం”

ఇచ్ఛాపురం నుంచి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి సుమారు పాతిక కిలోమీటర్లు. శ్రీకాకుళం పెద్దాస్పత్రి వంద దాటుతుంది. పెద్ద వైద్యం కావాల్సి వస్తే బరంపురమే దగ్గర, అందులో తప్పు లేదు. పరువు కోసం దగ్గరి ఆస్పత్రిని దాటి పోవడమే తప్పు. ఊపిరి ఆగిపోతుంటే ముందు ఇచ్ఛాపురం ప్రభుత్వాస్పత్రిలో దిగాలి. ఆక్సిజన్ పెట్టించి, గొంతు దారి సరిచేయించి, ఆ తర్వాత డాక్టరు ఎక్కడికి రాస్తే అక్కడికి అంబులెన్సులో పోవాలి. సోంపేట వైపువాళ్లు సోంపేటలో, పలాస వైపువాళ్లు పలాసలో ఇదే చేయాలి.

“ఆంధ్రా కేసు ఒడిశాలో తీసుకోరు” అన్న మాట కూడా నమ్మకండి. ఆపదలో ఉన్న మనిషికి వైద్యం చేయడానికి రాష్ట్రం అడ్డు కాదు. పోలీసు ఫిర్యాదు అవసరమైతే ఏ స్టేషనులో ఇచ్చినా తీసుకుని తగిన స్టేషనుకు పంపాల్సిందేనని సురక్షా సంహిత 173వ సెక్షను చెప్తోంది.

9. “బతికాడు గదా, ఇంకా మాట ఎత్తకండి. పెళ్లి సేసీండి”

ఒకసారి మోతాదు మించి బతికినవాడికి మళ్లీ ఆ ప్రమాదం ఎక్కువ. కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత మోతాదే తీసుకుంటే మరీ ఎక్కువ, అప్పటికి ఒంటికి ఆ అలవాటు తగ్గిపోయి ఉంటుంది. పెళ్లి చేస్తే ఆ భారం ఒక అమ్మాయి నెత్తిన పడుతుంది, వ్యసనం పోదు.

ఇప్పుడు ఎన్‌డీపీఎస్ చట్టం రెండో ముఖం చూద్దాం. 64ఎ సెక్షను. 27వ సెక్షను కిందనో, చిన్న పరిమాణం మత్తుమందుకు సంబంధించిన నేరం కిందనో అభియోగం ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో వ్యసన విముక్తి చికిత్సకు చేరి అది పూర్తి చేస్తే అతన్ని ఆ నేరాలకు విచారించకూడదు. గంజాయికి చిన్న పరిమాణం కిలో దాకా, హెరాయిన్‌కు 5 గ్రాముల దాకా. చికిత్స మధ్యలో మానేస్తే ఈ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. కిలోలు మోసినవాడికి ఇది వర్తించదు. ముంబయిలో ఒక సినీ నటుడు ఈ సెక్షను కిందే 2012లో కేసు నుంచి బయటపడ్డాడు. అదే హక్కు మన రత్తకన్న వీధి కుర్రాడికీ, కంచిలి కుర్రాడికీ ఉంది. వాడికి చెప్పే మనిషే కావాలి.

చికిత్సకు విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, బరంపురం ఎంకేసీజీలో మానసిక వైద్య విభాగం ఉంది. వ్యసన విముక్తి సలహాకు జాతీయ నంబరు 14446. చేరిన తేదీ, డాక్టరు రాసిన చీటీ, డిశ్చార్జి కాగితం జాగ్రత్తగా దాచండి. 64ఎ కింద కోర్టులో పనికొచ్చేవి అవే.

మనం అడగాల్సినవి

మత్తుతో ప్రాణాలు పోవడం ఎక్కడో పడమటి దేశాల సంగతి కాదు. 2022లో హైదరాబాద్‌లో ఒక బీటెక్ విద్యార్థి మత్తుమందుల వల్ల చనిపోయినప్పుడు తెలుగు నేలంతా ఉలిక్కిపడింది. మన రాష్ట్రం 2024లో ఈగల్ పేరుతో ప్రత్యేక పోలీసు విభాగం పెట్టింది, 1972 నంబరిచ్చింది. సరుకు పట్టుకోవడానికి అది కావాలి. పడిపోయినవాడిని బతికించడానికి ఇంకో మూడు కావాలి.

మొదటిది, మోతాదు మించినవాడి మీదా, అతన్ని తెచ్చినవాడి మీదా సొంత వాడకం కేసు పెట్టకూడదని పార్లమెంటు 64ఎని విస్తరించాలి. ఇప్పుడున్న రక్షణ చికిత్స పూర్తయ్యాక పనికొస్తుంది, ఫోన్ చేసే ఆ నిమిషంలో ధైర్యం ఇవ్వదు. న్యూమెక్సికో, కెనడా చట్టాలు ఆ నిమిషం కోసమే పుట్టాయి. ఎమర్జెన్సీ వైద్యం మీద ప్రత్యేక చట్టం కావాలని తెలుగు న్యాయమూర్తి ఎం. జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషన్ 2006లోనే తన 201వ నివేదికలో ముసాయిదాతో సహా రాసిచ్చింది. ఆ నివేదికను బయటికి తీయమని మన ఎంపీని అడగాలి.

రెండోది, చట్టం మారేలోపు జిల్లా పోలీసు అధికారులు ఒక మాట బహిరంగంగా చెప్పాలి: ఆస్పత్రికి మనిషిని తెచ్చినవాడిని మేం సమాచారం అడుగుతాం, సంకెళ్లు వేయం అని. మన సరిహద్దులో ఆ ఒక్క మాటకు చాలా విలువుంది.

మూడోది, ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ప్రతి ప్రభుత్వాస్పత్రి ఎమర్జెన్సీలో, ప్రతి 108 బండిలో నాలోక్సోన్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఉందా లేదా అని ఆస్పత్రి అభివృద్ధి సంఘం సమావేశంలో అడిగే హక్కు మనకుంది.

ఇవి జరిగేదాకా మన చేతిలో ఉన్న పని ఇంట్లో పిల్లలకు చెప్పడం. “నువ్వు తాగి ఉన్నా సరే, తప్పు చేసి ఉన్నా సరే, నీ పక్కనున్నవాడు పలక్కపోతే 108కి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు చెయ్యి, నేను తిట్టకుండా వస్తాను” అని తల్లిదండ్రులు ముందుగానే మాటివ్వాలి. చట్టం ఇంకా ఇవ్వని ఆ ధైర్యం ప్రస్తుతానికి ఇంటి నుంచే రావాలి, ఇవాళే రావాలి.